గుండె, పన్ను, భాస్వరం: భీమవరం నుంచి బోస్టన్ దాకా

ఈరోజు కూడా చరిత్రే, కానీ రాజులూ కోటలూ లేని చరిత్ర. ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీ గుండెకీ, మీ పంటికీ ఏంటి సంబంధం?

ఒకటి మెత్తటి కండ, పుట్టకముందు నుంచీ ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. ఇంకొకటి ఒంట్లో అన్నిటికన్నా గట్టి వస్తువు. చూడ్డానికి ఏ చుట్టరికమూ లేదు. కానీ తల్లి కడుపులో పిండం తయారయ్యే తొలి వారాల్లోకి వెళ్ళి చూస్తే ఈ రెండూ దాదాపు ఒక ఊరి మనుషులే. పిండం వీపు వైపు ఒక గొట్టం ఏర్పడుతుంది. తర్వాత అదే మెదడు, వెన్నుపాము అవుతుంది. ఆ గొట్టం అంచుల నుంచి కొన్ని కణాలు బయల్దేరి వలస పోతాయి. న్యూరల్ క్రెస్ట్ కణాలు అంటారు వాటిని. వాటిలో కొన్ని దవడ దాకా నడిచి వెళ్ళి పన్ను లోపలి భాగాన్ని, అంటే డెంటిన్‌ని కట్టే మేస్త్రీలవుతాయి. (పైన తెల్లగా మెరిసే ఎనామిల్‌ది వేరే ముఠా.) ఇంకొన్ని గుండె దాకా వెళ్ళి, అక్కడ ఒకటిగా ఉన్న పెద్ద రక్తనాళాన్ని రెండుగా చీల్చే గోడ కడతాయి. ఊపిరితిత్తులకి పోయేది ఒకటి, ఒళ్ళంతా పోయేది ఒకటి. ఆ గోడ సరిగ్గా పడకపోతే బిడ్డ పుట్టుకతోనే గుండె జబ్బుతో పుడుతుంది.

మాలిక్యులర్ బయాలజీ వాళ్ళు ఇంకో మాట కూడా చెప్తారు. శరీరం ఒకే జన్యువుని రెండు మూడు చోట్ల వాడుకుంటుంది. పిట్‌ఎక్స్2 అని ఒక జన్యువు ఉంది. అది పాడైతే కొందరికి పళ్ళు తక్కువగా వస్తాయి, కళ్ళలో తేడా ఉంటుంది. అదే జన్యువు గుండె ఎడమ వైపూ కుడి వైపూ సరిగ్గా అమరడానికి కూడా కావాలి. 2007లో ఇంకో సంగతి బయటపడింది. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు ఉన్న చాలామందిలో సరిగ్గా ఈ జన్యువు పక్కనే ఉన్న డీఎన్ఏలో మార్పులు కనిపించాయి.

సరే, ఇదంతా సైన్సు, మరి చరిత్ర ఎక్కడ అంటారా? వస్తున్నా. గుండె కొట్టుకోవడానికి ఇంధనం ఏంటో, పిండంలో కణాలు విడిపోవడానికి ఏ విటమిన్ కావాలో, పళ్ళ మీద మచ్చ వేసే మందు ఏదో, ఈ మూడు కథల్లోనూ ఒక్క మనిషి పేరు వస్తుంది. ఆయన పుట్టింది మన భీమవరంలో. పెరిగింది రాజమండ్రిలో. పేరు యెల్లాప్రగడ సుబ్బారావు.

భీమవరం అనగానే మనకి రొయ్యలు, సంక్రాంతి కోడిపందేలు గుర్తొస్తాయి. తప్పేం లేదు. కానీ 1895 జనవరి 12న అక్కడ పుట్టిన ఈ కుర్రాడి గురించి మా స్కూల్లో ఒక్క పాఠం కూడా లేదు. మీకు ఉంటే మీరు అదృష్టవంతులు.

చిన్నప్పుడు ఆయన ఫస్ట్ ర్యాంక్ బాపతు కాదు. ఏడుగురు పిల్లల ఇల్లు, తండ్రి చిన్న రెవెన్యూ ఉద్యోగి. పదమూడేళ్ళప్పుడు ఇంట్లోంచి పారిపోయి, కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామనుకున్నాడట. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో, అదీ మద్రాసు వెళ్ళి పాసయ్యాడు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ గారు నగలు అమ్మి చదివించారని చెప్తారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదువుకి స్నేహితులూ, తర్వాత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ సాయం చేశారు. 1919లో వాళ్ళ అమ్మాయి శేషగిరి గారితో పెళ్ళయింది.

అది గాంధీ గారి పిలుపు దేశమంతా వినిపిస్తున్న కాలం. సుబ్బారావు గారు ఖద్దరు కట్టారు. బయటే కాదు, ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు గౌనే. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే ఒక మెట్టు తక్కువ ఎల్ఎంఎస్. ఆ సర్టిఫికెట్‌తో మద్రాస్ మెడికల్ సర్వీసులో ఉద్యోగం రాలేదు. చివరికి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పుకున్నారు.

ఈలోగా ఇంట్లో ఘోరం జరిగింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. ఆయనకి కూడా ఆ జబ్బు వచ్చిందనీ, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికారనీ అంటారు. స్ప్రూ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేస్తామంది, మామగారు మిగతా డబ్బు సర్దారు. 1920ల మొదట్లో ఆయన బోస్టన్‌లో దిగారు, హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదవడానికి. ఎల్ఎంఎస్ డిగ్రీకి అక్కడ డాక్టరుగా పనిచేసే అర్హత లేదు. అందుకని ఒక ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరు పని చేశారు. మంచాలు సర్దడం, గిన్నెలు కడగడం లాంటి పనులు. ఇప్పుడు అమెరికాలో ఎంఎస్ చేస్తూ రాత్రిళ్ళు పెట్రోల్ బంకులో పనిచేసే మన పిల్లలకి ఈ ముక్క కొత్తగా ఏమీ అనిపించదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరారు. ఫిస్క్ ఇచ్చిన పని వినడానికి చప్పగా ఉంటుంది. రక్తంలో, మూత్రంలో, కండలో భాస్వరం ఎంత ఉందో కొలవడానికి మంచి పద్ధతి కనిపెట్టాలి.

కానీ చప్పటి పని కాదది. పన్నూ ఎముకా గట్టిగా ఉండేది కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికాల వల్ల. ఫాస్ఫేట్ అంటే భాస్వరం, ఆక్సిజన్ కలిసిన రూపం. పిల్లల కాళ్ళు వంకర పోయే రికెట్స్‌లో, కిడ్నీ జబ్బుల్లో, గొంతు దగ్గరుండే పారాథైరాయిడ్ గ్రంథి తేడా చేసినప్పుడు రక్తంలో ఈ ఫాస్ఫేట్ లెక్క మారిపోతుంది. అది తెలియాలంటే కొలవాలి. కొన్ని చుక్కల రక్తంలో, త్వరగా కొలవాలి.

1925లో వాళ్ళు అచ్చువేసిన పద్ధతి ఇదీ. ఆమ్లంలో మాలిబ్డేట్ అనే లవణం కలిపితే ఫాస్ఫేట్ దాంతో జత కడుతుంది. దానికి ఇంకో రసాయనం తగిలిస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. రంగుని చూసి లెక్క చెప్పేయొచ్చు. బట్టలకి నీలిమందు పెట్టేటప్పుడు బకెట్లో ఎంత వేశామో రంగు చూసి పోల్చుకోమూ, అదే కిటుకు, కాకపోతే కొలతతో. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు ఈరోజుకీ ల్యాబ్ రికార్డులో రాస్తారు. అందులో సుబ్బారావు మనవాడని చాలామందికి తెలీదు.

ఇక్కడే నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం వస్తుంది. కండ నుంచి తీసిన ద్రవంలో ఈ పరీక్ష చేస్తే నీలం రంగు రావలసినంత త్వరగా రావట్లేదు. నెమ్మదిగా, సాగదీస్తూ చిక్కబడుతోంది. ఇంకొకరైతే మందు పాడైందని పారబోసేవాళ్ళు. వీళ్ళు ఆగి ఆలోచించారు. రంగు మెల్లగా వస్తోందంటే ఫాస్ఫేట్ మెల్లగా విడుదలవుతోందన్న మాట. అంటే ఏదో పెళుసు పదార్థం దాన్ని పట్టుకుని ఉంది, ఆమ్లంలో కొంచెం కొంచెంగా వదిలేస్తోంది. వెతికారు. క్రియాటిన్‌కి అతుక్కున్న ఫాస్ఫేట్ దొరికింది. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927. అదే సమయంలో ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా దాని జాడ పట్టుకున్నారు.

కండ పనిచేస్తే ఈ పదార్థం తగ్గుతోంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ నిండుతోంది. ఫోన్ బ్యాటరీ లాగా. ఇది చిన్న గొడవ కాదు. కండ కదలికకి లాక్టిక్ ఆమ్లమే మూలం అనే సిద్ధాంతం అప్పటికి గట్టిగా నిలబడి ఉంది, ఆ రంగంలో పనికే 1922 నోబెల్ హిల్, మయర్‌హాఫ్‌లకి వెళ్ళింది. ఆ సిద్ధాంతం కింద నేల కదిలింది. 1929లో ఫిస్క్, సుబ్బారావు ఇంకోటి కూడా వేరు చేశారు, ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఇంటర్ బైపీసీ వాళ్ళు ఏటీపీ అనే మూడక్షరాలు ఎన్నిసార్లు రాసుంటారో లెక్కలేదు.

ఇప్పుడు గుండె దగ్గరికి రండి. రోజుకి సుమారు లక్ష సార్లు కొట్టుకునే గుండెలో ఏ క్షణంలో చూసినా ఉండే ఏటీపీ ఒక గ్రాము కూడా ఉండదు. కానీ ఖర్చవుతూ, మళ్ళీ తయారవుతూ రోజు మొత్తం మీద అది తిప్పే ఏటీపీ సుమారు 6 కిలోలని లెక్క. చేతిలో రూపాయే ఉంది, కానీ వ్యాపారం వేలల్లో. సరఫరా కాసేపు తగ్గితే ఆదుకునే గల్లాపెట్టె ఫాస్ఫోక్రియాటిన్. మీ ఇంట్లో ఎవరికైనా ఛాతీ నొప్పి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే సీకే-ఎంబీ అని రక్త పరీక్ష రాయడం చూసుంటారు. ఇప్పుడు ట్రోపోనిన్ ఎక్కువ రాస్తున్నారనుకోండి. ఆ సీకే, ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ఫాస్ఫేట్‌ని తీసి ఏటీపీ తయారుచేసే ఎంజైమే. గుండె కండ దెబ్బతింటే అది రక్తంలోకి కారుతుంది.

ఇంత చేస్తే హార్వర్డ్ ఏం ఇచ్చింది? 1930లో పీహెచ్‌డీ వచ్చింది. పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. అదే ల్యాబులో అప్పట్లో ఉన్న జార్జ్ హిచింగ్స్, 1988లో నోబెల్ అందుకున్న మనిషి, తర్వాత ఒక మాట అన్నారు. సుబ్బారావు వేరు చేసిన కొన్ని పదార్థాలు ఏళ్ళ తర్వాత ఇతరులు మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందనీ, బహుశా అసూయ వల్ల ఫిస్క్ వాటిని బయటికి రానివ్వలేదనీ దాని సారాంశం. ఫిస్క్ వైపు వాదన మన దగ్గర లేదు కాబట్టి నేను తీర్పు చెప్పను. కానీ చెప్పింది దారినపోయే మనిషి కాదు.

1940లో ఆయన హార్వర్డ్ వదిలేసి న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. పరిశోధన మొత్తం ఆయన చేతికి వచ్చింది. ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో జరిగినవి చెప్పాలంటే నాలుగు ఎపిసోడ్లు కావాలి, అందుకని మన గుండె, పన్ను దారి వదలకుండా వెళ్దాం.

మొదట ఫోలిక్ యాసిడ్. దీని కథ బొంబాయిలో మొదలవుతుంది. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడి పేద గర్భిణుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళలో ఒక రకం రక్తహీనత చూసింది. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ పెడితే తగ్గింది. అందులో ఏముందో తెలీదు. 1941లో అమెరికాలో కొందరు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని చిటికెడంత తీశారు. ఆకు నుంచి వచ్చింది కాబట్టి లాటిన్ మాట పట్టుకుని ఫోలిక్ అన్నారు. టన్నుల పాలకూర నుంచి చిటికెడు వస్తే జనానికి మందెలా అవుతుంది? దాన్ని ల్యాబులో తయారుచేయగలిగింది సుబ్బారావు గారి బృందం, 1945లో. ఆ పరిశోధన పత్రం మీద పేర్లు రేషన్ షాపు క్యూ లాగా ఉంటాయి, అక్షర క్రమంలో. నాయకుడి పేరు ఆ క్యూ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఆ వెంటనే టామ్ స్పైస్ అనే డాక్టరు క్యూబా, ప్యూర్టోరికోల్లో ఆ మందుని రోగులకిచ్చి చూశాడు. తగ్గిన జబ్బుల్లో ఒకటి స్ప్రూ. గుర్తుపెట్టుకోమన్నాను కదా. సోదరుల్ని తీసుకుపోయిన జబ్బుకి మందు వచ్చేసరికి పాతికేళ్ళు దాటిపోయాయి.

పిండం సంగతికి వద్దాం. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏకి నకలు తీయాలి, దానికి ఫోలేట్ కావాలి. ఒంట్లో కణాలు అన్నిటికన్నా వేగంగా చీలేది ఎప్పుడు? తల్లి కడుపులో మొదటి వారాల్లో. గుండె సుమారు 22వ రోజుకే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. నేను మొదట్లో చెప్పిన గొట్టం 28వ రోజుకల్లా మూసుకోవాలి. పన్ను మొలక ఆరో వారంలో మొదలవుతుంది. చాలామంది ఆడవాళ్ళకి నెల తప్పిందని ఖాయమయ్యేసరికే గుండె కొట్టుకుంటోంది, గొట్టం మూసుకోవాల్సిన గడువు అయిపోవచ్చింది. 1991లో ఏడు దేశాల్లో చేసిన పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. ముందు ఒక కాన్పులో ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, వెన్నుపాము లోపాలు 72 శాతం తగ్గాయి. పుట్టుకతో వచ్చే గుండె లోపాల మీద ఆధారాలు అంత గట్టివి కావు, కానీ కొన్ని పరిశోధనల్లో అవీ తగ్గినట్టు కనిపించింది.

గవర్నమెంటు స్కూల్లో చదివినవాళ్ళకి వారానికోసారి మింగించిన నీలం మాత్ర గుర్తుందా? కొందరు నాలుక కింద దాచి కిటికీలోంచి ఉమ్మేసేవాళ్ళు. అది ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర. ఏఎన్ఎం, ఆశా అక్కలు గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలోనూ అదే ఉంటుంది. పిల్లలు కావాలనుకుంటున్న కొత్త జంటలు ఎవరైనా చూస్తుంటే, గర్భం రాకముందు నుంచే ఇది మొదలుపెట్టాలా, ఎంత వేసుకోవాలి అని డాక్టరుని ఇప్పుడే అడగండి. మూడో నెలలో అడిగితే ఆ గొట్టం విషయంలో ఆలస్యమే.

ఫోలిక్ యాసిడ్‌కి ఒక దొంగ తాళంచెవి కూడా లెడర్లీలోనే తయారైంది, అమినోప్టెరిన్. తాళంలో దూరుతుంది, తిరగదు, అసలు చెవిని కూడా దూరనివ్వదు. కణం చీలడం ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకి దీన్ని ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. తాత్కాలికమే, కానీ అంతకుముందు ఆ పిల్లలకి వారాలు, నెలలే ఆయుష్షు. దీని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ని ఈరోజు క్యాన్సర్‌కీ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు. అదే మందు గర్భిణి మింగితే పిండానికి ప్రమాదం. కారణం మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఇక పన్ను. లెడర్లీలోనే బెంజమిన్ డగ్గర్ అనే రిటైరైన వృక్షశాస్త్రవేత్త, సుబ్బారావు గారి విభాగంలో, మిస్సోరీ నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఒక బంగారు రంగు యాంటీబయోటిక్ తీశాడు. ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి ఇదే పెద్దక్క. లక్షల ప్రాణాలు కాపాడింది. కానీ 1950ల్లో పిల్లల డాక్టర్లకి ఒక విచిత్రం కనిపించింది. ఈ మందు ఎక్కువగా వాడిన పిల్లల పళ్ళు పసుపుపచ్చగా, గోధుమ రంగులో వస్తున్నాయి. బ్రష్ చేస్తే పోదు. ఎందుకంటే మందు కాల్షియంని పట్టుకుంటుంది. పన్ను గట్టిపడుతున్నప్పుడు ఒంట్లో మందు ఉంటే ఇటుకల మధ్య రంగు కలిసిన సిమెంటు లాగా లోపలే ఉండిపోతుంది. పాలపళ్ళు గట్టిపడటం కడుపులో నాలుగో నెలకే మొదలవుతుంది, శాశ్వత పళ్ళ పైభాగం ఎనిమిదేళ్ళకి దాదాపు పూర్తవుతుంది. అందుకే గర్భిణులకీ, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకీ ఈ మందులు మామూలుగా రాయరు. మెడికల్ షాపు కుర్రాడు చెప్పాడని పిల్లలకి ఏ యాంటీబయోటిక్ పడితే అది వేయకండి.

మన డెల్టా వాళ్ళకి ఇంకో బాకీ ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బోదకాలు. మా చిన్నప్పుడు కాలవగట్టు మీద ఏ ఇంటికెళ్ళినా ఒక పెద్దావిడ చీర కుచ్చెళ్ళ కింద ఏనుగు పాదమంత కాలు దాచుకుని కూర్చునేది. ఆ పురుగు పిల్లలు రాత్రిళ్ళే రక్తంలో తిరుగుతాయి, అందుకే హెల్త్ వాళ్ళు రాత్రి పదింటికి తలుపు కొట్టి వేలికి సూది గుచ్చేవాళ్ళు. దానికి వాడే డీఈసీ మాత్ర, తొలి పేరు హెట్రజాన్, 1947లో లెడర్లీలో సుబ్బారావు గారి బృందం నుంచే వచ్చింది. 2004 నుంచి దేశమంతా బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ పంచిన మాత్ర అదే. ఆయన గోదావరి జిల్లా దాటిపోయారు, మాత్ర మాత్రం తిరిగొచ్చింది.

మూడేళ్ళలో వచ్చేస్తానని శేషగిరి గారికి చెప్పి వెళ్ళారట ఆయన. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి చూడనే లేదు. డబ్బు లేక కొన్నాళ్ళు, పని వదల్లేక కొన్నాళ్ళు, యుద్ధం వచ్చి కొన్నాళ్ళు. మళ్ళీ ఈ నేల మీద అడుగు పెట్టలేదు. దీన్ని త్యాగం అని పొగిడేవాళ్ళుంటారు. నాకైతే ఆ త్యాగంలో సగం కంటే ఎక్కువ ఆవిడదే అనిపిస్తుంది, ఎవరూ ఆవిడని అడిగి చేసింది కాదు.

ఆరియోమైసిన్‌ని 1948 జులైలో న్యూయార్క్‌లో ప్రకటించారు. మూడు వారాలు కూడా తిరక్కుండానే, ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. 53 ఏళ్ళు. 1995లో, పుట్టి వందేళ్ళయ్యాక, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో ఒక స్టాంపు వేసింది.

వచ్చే ఆదివారం లూసీ విల్స్ బొంబాయి కథ పూర్తిగా చెప్తాను. మార్మైట్ డబ్బా ఒకటి సంపాదించాను, రుచి ఎలా ఉందో అప్పుడు చెప్తా. ఉంటాను మరి.